పై నుంచి రెండో పేరు

1883 అక్టోబరు 2, మంగళవారం. మార్ల్‌కూమ్.

ఈ ఉదయం నాన్నగారు గుడ్డు పెంకు పగలగొడుతూ, తాను పార్లమెంటుకు నిలబడుతున్నానని చెప్పారు. గుడ్డు సరిగ్గా ఉడకలేదని కూడా అదే గొంతుతో చెప్పారు. రెండింటిలో ఏది పెద్ద విషయమో తేలక, గుడ్డుకే క్షమాపణ చెప్పాను.

మా ఊరి సభ్యుడు పోయిన నెలలో చనిపోయాడు. ఆ చోటుకి నీలం రంగు పార్టీ పెద్దలు నాన్నగారిని అడిగారు. "ఆజ్ఞ వచ్చింది, అమ్మాయీ" అన్నారాయన. వయసంతా సైన్యంలో గడిపిన మనిషికి ఎవరేది అడిగినా ఆజ్ఞలాగే వినిపిస్తుంది. చేతికర్రల దుకాణంవాడు "గొడుగు కూడా తీసుకుంటారా దొరగారూ?" అంటే గొడుగు కొనుక్కొచ్చారు. అలాంటివి ఇంట్లో చాలా ఉన్నాయి.

"గెలిస్తే లండన్‌లో ఇల్లు తీసుకుందాం, నువ్వు చూసుకుందువుగాని. ఓడితే నేను స్కాట్లండ్ పోయి చేపలు పట్టుకుంటాను. నువ్వు చెల్టెనమ్‌లో మీ లావీనియా అత్తయ్య దగ్గరుండు."

లావీనియా అత్తయ్యకు పూర్తిగా చెవుడు. రోజూ మధ్యాహ్నం ఆవిడకు మతోపదేశాల పుస్తకం పైకి చదివి వినిపించాలి. ఆవిడ కుక్క పేరు బిషప్. వినేది అదొక్కటే.

లండన్‌లో పెద్ద గోపురం కింద గుండ్రటి చదువుల గది ఉందట. అడిగిన పుస్తకం తెచ్చి ముందు పెడతారట. ఆడవాళ్ళను కూడా రానిస్తారట. అక్కడ మాట్లాడకూడదట. నా కొలతలు తీసుకుని కట్టినట్టుంది.

నాన్నగారు గెలవాలని నేను కోరుకోవడం కేవలం ఆయన కోసమే.

"ఏమిటి గొణుగుతున్నావు?" అన్నారు.

"మంచిది నాన్నగారూ, అన్నాను."

"నీ గొంతు ముందు వరుసలో రెండోవాడి దాకా కూడా రాదు. బ్రూజ్ మఠంలో ఆ సన్యాసినులు అన్నేళ్ళు ఏం నేర్పినట్టు?"

మదర్ స్కొలాస్టికా నేర్పింది ఇది: గొంతు దేవుడికి వినిపిస్తే చాలు. నాన్నగారి లెక్కలో దేవుడు మొదటి వరుసలోనే నిలబడతాడు కాబోలు. ఆయన దిగులంతా వెనక వరుస గురించే.

అక్టోబరు 4

ఎన్నికల ఏజెంటు వచ్చాడు. పేరు స్విథిన్ క్రేక్. ఈ ఊరి వకీలే. వయసు తక్కువ, తొందర ఎక్కువ. చెవి మీద సిరా మరక. నాన్నగారి ప్రసంగాలు రాసిపెట్టే పని నాకు అప్పగించారు. నా మొదటి ప్రసంగం చదివి, "మిస్ ట్రెసిలియన్, చాలా బాగుంది. కానీ ఇందులో లాటిన్ ఎక్కువైంది. మా ఊరివాళ్ళు లాటిన్ వింటే టోపీలు తీసి ప్రార్థనకు వంగుతారు" అన్నాడు.

పొగరు మనిషి. మరక ఎడమ చెవి మీద.

అక్టోబరు 6, శనివారం

మొదటి సభ. ధాన్యం సంత భవనం నిండిపోయింది. సగం మంది నాన్నగారి పటాలంలో చేసి రిటైరైన పాత సిపాయిలే. ముందు వరుసల్లో వాళ్ళే, పతకాలు పెట్టుకుని. నాన్నగారు బాగానే మాట్లాడారు. అంటే, నేను రాసినదాంట్లోంచి మొదటి వాక్యం చదివి, కాగితం జేబులో పెట్టుకుని, సైన్యంలో బూట్ల నాణ్యత గురించి చెప్పారు. జనానికి నచ్చింది. ఆ తర్వాత ధన్యవాదాలు, తీర్మానం, బ్యాండు, పాట ఉన్నాయి.

నాన్నగారు ప్రసంగం ముగించి, అలవాటు కొద్దీ, "డిస్మిస్!" అన్నారు.

పాత సిపాయిలు లేచి నిలబడి, కుడివైపు తిరిగి, సలాం చేసి వెళ్ళిపోయారు. వాళ్ళ వెనక వాళ్ళ పెళ్ళాలు. పెళ్ళాలు లేస్తే మిగతావాళ్ళు కూర్చుంటారా. బ్యాండులో డోలువాడు కూడా పాత సిపాయే. డోలుతో సహా పోయాడు.

"కల్నల్ గారూ, జనం వెళ్ళిపోయారు!" అన్నాడు క్రేక్.

"నేనే వెళ్ళమన్నాను."

"ఇంకా నలుగురు మాట్లాడాలి. మేయరుగారు మూడు రోజులుగా బట్టీ పట్టారు!"

నాన్నగారు ఖాళీ కుర్చీల వైపు చూశారు. మేయరు వైపు చూశారు. మీసం మీద చెయ్యి వేసుకుని, "మొదటికి!" అన్నారు.

మేయరుకు అర్థం కాలేదు. నాకు అయింది. కవాతులో అధికారి పొరపాటున తప్పు ఆజ్ఞ ఇస్తే వెంటనే "మొదటికి!" అని అరుస్తాడు. సిపాయిలు చేసినదాన్ని చెరిపేసి, అంతకు ముందు ఎలా ఉన్నారో అలా నిలబడతారు. ఎవరూ ఎవరినీ క్షమించమని అడగనక్కర్లేదు. నాన్నగారు జన్మలో ఒక్కసారి కూడా "పొరపాటైంది" అనలేదు. ఈ మాటే అంటారు. అమ్మ చెప్పేది, లక్నోలో చీకటి వసారాలో నాన్నగారు మోకాలి మీద కూర్చుని, "నన్ను చేసుకుంటారా?" అని అడిగింది అమ్మను కాదట, అమ్మ చెల్లెల్ని. దీపం తెచ్చాక మొహం చూసి, లేచి నిలబడి, "మొదటికి!" అన్నారట. ఆ పిన్ని ఇప్పటికీ మాకు క్రిస్మస్ శుభాకాంక్షలు పంపదు.

అక్టోబరు 7

ప్రసంగం చివర "డిస్మిస్" అననని నాన్నగారి చేత మాట తీసుకున్నాను. క్రేక్ గారు నాకు కృతజ్ఞతలు చెప్పారు. పొగరు మనిషి అని రాయడం కొంచెం తొందరపాటే కావచ్చు.

అక్టోబరు 10

నాన్నగారికి కొత్త ఆలోచన వచ్చింది. పాత సిపాయిల్లో చాలామందికి చదువు రాదు. చదువు రానివాళ్ళు పోలింగ్ గదిలో అధికారికి చెబితే ఆయనే గుర్తు వేసిపెడతాడు. కానీ అందరి ముందూ "నాకు చదువు రాదు" అని ఏ సిపాయీ చెప్పడు. దానికన్నా ఫిరంగికి ఎదురు వెళతాడు.

అందుకని బ్లూ బోర్ సత్రం వెనక పెరట్లో కవాతు. అభ్యర్థులు ఇద్దరే కదా. బ్యాలెట్ కాగితం మీద పేర్లు ఇంగ్లీషు అక్షరాల వరుసలో ఉంటాయి. పైన డన్నక్, కింద ట్రెసిలియన్. డన్నక్ అంటే పసుపు రంగు పార్టీ, బొత్తాల కార్ఖానా యజమాని.

"ఒకటి! పెన్సిల్ అందుకో! రెండు! పై నుంచి రెండో పేరు చూడు! మూడు! దాని పక్కన ఇంటూ గుర్తు వెయ్యి! నాలుగు! మడత!"

పెరడంతా గాలిలో గుర్తులు వేసింది. వయసు మళ్ళినవాళ్ళు వరుస తప్పకుండా వేస్తుంటే కళ్ళు చెమర్చాయి. మఠంలో ఇంటూ గుర్తంటే తప్పు చేశావని. ఇక్కడ దాని కోసమే ఇంత కష్టం.

"ఈ ఆజ్ఞ మర్చిపోయేవాడు ఎవడైనా ఉన్నాడా, గ్రిబుల్?" అన్నారు నాన్నగారు.

సార్జెంట్ గ్రిబుల్ మడమలు కొట్టి నిలబడ్డాడు. "మా చావు తేదీ మర్చిపోతాం గానీ దొరగారూ, ఇది మర్చిపోం!"

అక్టోబరు 12

వాన. క్రేక్ గారు రాలేదు. ఆయన గురించి రాసేదేమీ లేదు.

అక్టోబరు 16, మంగళవారం

నామినేషన్ల రోజు. గడువు ముగుస్తుందనగా మూడో మనిషి వచ్చి కాగితాలు దాఖలు చేశాడు. ఒబడయా అబ్నీ. మద్యం మానిపించడం ఆయన వ్రతం. పసుపు పార్టీకి ఓట్లేసే ప్రార్థనా మందిరాలవాళ్ళు సగం మంది ఆయన మాట వింటారట.

"డన్నక్ ఓట్లు చీలిపోయాయి! గెలిచాం!" అని క్రేక్ గారు టోపీ గాల్లోకి విసిరారు. అది దీపపు స్తంభానికి తగులుకుంది. అందరం కేకు తిన్నాం. నేను రెండో ముక్క కూడా తిన్నాను, గుండ్రటి చదువుల గది పేరు మీద.

అబ్నీ తన బాకాల బ్యాండు వెంట తెచ్చుకున్నాడు. నాన్నగారు దాన్ని మించి మాట్లాడాలనుకున్నారు. మించారు. సాయంత్రానికి గొంతు పూర్తిగా పోయింది. డాక్టరు మెడకు బాతు కొవ్వు రాసి, ఎర్ర ఫ్లానెల్ చుట్టి, శనివారం దాకా పెదవి కదపొద్దన్నాడు. ఇప్పుడు నాన్నగారి చేతిలో పలక ఉంది. మొదట రాసిన మాట: "గుడ్డు మళ్ళీ ఉడకలేదు."

అక్టోబరు 17

ఇల్లు మఠంలా నిశ్శబ్దంగా ఉంది. చాలా సుఖంగా ఉందని రాయడం కూతురు చేసే పని కాదు.

అక్టోబరు 19, శుక్రవారం

ఇవాళ పోలింగ్. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే నాన్నగారిని బండిలో బ్లూ బోర్‌కు తీసుకెళ్ళాను. పెరట్లో పాత సిపాయిలు వరుసల్లో నిలబడి ఉన్నారు. నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టాను. సత్రం గేటు మీద పోలింగ్ ప్రకటన అంటించి ఉంది. ఏది కనబడినా చదవడం నా రోగం. చదివాను.

అబ్నీ.
డన్నక్.
ట్రెసిలియన్.

మళ్ళీ చదివాను. పై నుంచి రెండో పేరు డన్నక్‌ది.

కేకు తిన్న వాళ్ళమంతా కళ్ళుండి చూడలేదు. క్రేక్ గారు ఊరి అవతలి వైపు ముసలివాళ్ళను బండ్లెక్కిస్తున్నారు. నేను సార్జెంట్ గ్రిబుల్ దగ్గరికి పరుగెత్తాను.

"సార్జెంట్ గారూ, రెండో పేరు కాదు! మూడోది! రెండోది ఇప్పుడు డన్నక్‌ది!"

"డన్నక్ రెండో చోటుకెలా వచ్చాడమ్మాయిగారూ? ఎవరు రానిచ్చారు?"

"అక్షరక్రమం వల్ల."

"ఆయనెవరో నాకు తెలీదమ్మా. మా పటాలంలో అయితే లేడు."

"దయచేసి వాళ్ళకు మూడు అని చెప్పండి."

"అమ్మాయిగారూ, కోపం తెచ్చుకోకండి. దొరగారు రెండన్నారు. దొరగారి నోటి నుంచి వచ్చిన ఆజ్ఞ మీద ఇంకోటి చెప్పడానికి నేనెవర్ని? కాల్చమంటే కాల్చాం. ఎటు అని ఏనాడూ అడగలేదు."

నాన్నగారి దగ్గరికి పరుగెత్తి చెప్పాను. ఆయన మొహం ఫ్లానెల్ రంగుకు వచ్చింది. పలక మీద "మూడు!" అని పలక పగిలేలా రాశారు. తెచ్చి గ్రిబుల్‌కు చూపించాను. అతడు పలకను దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానమ్మా" అన్నాడు, చాలా మర్యాదగా. ఆ తర్వాత వరుసల వైపు తిరిగి, "త్వరగా... నడవండి!" అని అరిచాడు.

వాళ్ళు నడిచారు. బూట్లన్నీ ఒక్కసారే పడుతున్నాయి. ఒక్కొక్క బూటూ డన్నక్‌కు ఒక ఓటు. నాకు చెల్టెనమ్ కనబడింది. బిషప్ కనబడింది. వెనక్కి చూస్తే నాన్నగారు నోరు తెరిచి ఉన్నారు, శబ్దం లేదు. ఆయన్నలా ఎప్పుడూ చూడలేదు. అప్పుడు చెల్టెనమ్ గుర్తు లేదు. ఇది నిజం.

పలక ఆయన ఒళ్ళో పెట్టి, గుర్రం ఎక్కడానికి వేసిన రాయి మీదకి ఎక్కాను.

"మొదటికి" అన్నాను. పావురం ఒకటి నా వైపు చూసింది.

"మొదటికి" అన్నాను మళ్ళీ. చివరి వరుసలో ఒకడు చెవి గోక్కున్నాడు. ముందు వరుస గేటు దాటుతోంది.

ఎదురుగా నాన్నగారు పలక తుడిచి ఏదో రాసి పైకెత్తారు. "గడ్డం పైకి."

ఎత్తాను.

"మొదటికీ!"

ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో మదర్ స్కొలాస్టికాకు నేను చెప్పలేను. గేటు దాటిన వరుస ఆగింది. తిరిగింది. అందరూ వెనక్కి నడిచి, ఎవరి చోటికి వాళ్ళు వచ్చి, గుండెలు విరిచి నిలబడ్డారు. వీధిలో రొట్టెలవాడి గుర్రం ఒకప్పుడు ఫిరంగి లాగినదట. అది కూడా వెనక్కి నడిచి, బండిని గోడకు కొట్టింది. రొట్టెలు దొర్లిపోయాయి.

"పై నుంచి మూడో పేరు! రెండు కాదు, మూడు!"

నాన్నగారు లేచి నిలబడి మూడు వేళ్ళు ఎత్తి చూపించారు.

వరుసలోంచి ఎవరో, "సార్జెంట్, ఆజ్ఞ ఎవరిది? ఆ పిల్లదా?" అన్నారు.

"మొదటికి అని వినబడ్డాక ఎవరిదని అడుగుతావట్రా వెధవా? పటాలం పరువు తీస్తావా? మూడు! దొరగారి వేళ్ళు లెక్కపెట్టుకో!" అన్నాడు గ్రిబుల్.

గాలిలో గుర్తులు వేయించాను, రెండుసార్లు. వాళ్ళు వెళ్ళాక రాయి మీద నుంచి దిగలేకపోయాను. క్రేక్ గారు ఎప్పుడు వచ్చారో తెలియదు, చెయ్యి అందించారు. ఆయన టోపీ మీద దీపం మసి ఇంకా అలాగే ఉంది.

"వీధి చివర దాకా వినబడింది" అన్నారు.

"క్షమించండి" అన్నాను.

"ఏమిటీ? వినబడలేదు" అన్నారు.

అక్టోబరు 20

గెలిచాం. గెలుపు ఎంత సన్ననిదంటే రెండుసార్లు లెక్కపెట్టారు. నిన్న తెల్లవారగానే, నేను ప్రకటన చదవకముందే, బీరు కోసం బార్లీ గింజలు వేయించే బట్టీలో రాత్రి పని చేసి వచ్చిన కొందరు సిపాయిలు ఓటు వేసేశారట. ఆజ్ఞ ప్రకారం, పై నుంచి రెండో పేరుకే.

డన్నక్ మెట్ల మీద నిలబడి మర్యాదగా ఓటమి ఒప్పుకున్నాడు. "పార్టీని మించి ఆలోచించి, నాకు ఓటేసిన ఆ కొద్దిమంది వీర సైనికులకు నా కృతజ్ఞతలు" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. వాళ్ళు జనంలోనే ఉన్నారు. తమ సంగతని తెలియక గట్టిగా చప్పట్లు కొట్టారు.

రొట్టెలవాడికి నాన్నగారు స్వయంగా వెళ్ళి "మొదటికి" అని చెప్పి వచ్చారట. బొంగురుగా. గొంతు తిరిగి వచ్చాక మొదటి మాట అదే. నాతో ఏమీ అనలేదు.

అక్టోబరు 21

ఇవాళ కూడా ఏమీ అనలేదు. ఆయన బిడియం నాకు అర్థమవుతుంది. నాకేమీ బాధ లేదు.

అక్టోబరు 22

నాకేమీ బాధ లేదు.

1884 జనవరి 15. లండన్.

గుండ్రటి గదిలో మొదటి రోజు. ఎవరూ మాట్లాడరు. స్వర్గం. మధ్యాహ్నం పక్క కుర్చీలో ఒక పెద్దమనిషి పుస్తకం మీద తల పెట్టి గురక తీశాడు. "అటెన్షన్!" అనాలని నాలుక దురద పెట్టింది. అనలేదు. ఆ దురద మాత్రం ఇంటి దాకా వచ్చింది.

ఫిబ్రవరి 3

క్రేక్ గారు ఏదో దావా పని మీద లండన్ వచ్చి, మా ఇంట్లో టీ తాగి వెళ్ళారు. పోయిన వారం కూడా అదే దావా. లండన్ కోర్టులు చాలా నెమ్మదిట. చెవి శుభ్రంగా ఉంది. ఎందుకో లోటుగా అనిపించింది.

ఫిబ్రవరి 26, మంగళవారం

ఇవాళ పార్లమెంటు సభలో నాన్నగారి మొదటి ప్రసంగం. సిపాయిల బూట్ల గురించి. నేను రాశాను, ఆయన దిద్దారు, మళ్ళీ నేను రాశాను. కోటు కుడి జేబులో నేనే పెట్టాను.

ఆడవాళ్ళు కూర్చునే చోటు సభకు బాగా పైన ఉంది, ముందు ఇనుప జాలీ. మనం సభ్యులకు కనబడకూడదు, వినబడకూడదు. బ్రూజ్‌లో అతిథుల గదికీ సన్యాసినులకూ మధ్య సరిగ్గా ఇలాంటి జాలీయే ఉండేది. పుట్టింటికి వచ్చినట్టనిపించింది. పక్కన ఒక ముసలి దొరసాని అల్లిక అల్లుకుంటోంది.

నాన్నగారు లేచారు. ఎడమ జేబులో చెయ్యి పెట్టారు.

ఎడమ జేబు! అందులో ఉన్నది మార్ల్‌కూమ్ ఎన్నికల్లో డన్నక్ మీద రాసిన ప్రసంగం.

"మన ఎదుట ఉన్న ఈ మనిషిని చూడండి!" అని ఎదుటి బల్లల వైపు చెయ్యి చాచి గట్టిగా చదివారు. "బొత్తాలు తప్ప ఈయనకేం తెలుసు?"

మంత్రులందరూ వంగి తమ బొత్తాలు చూసుకున్నారు.

ఎవరో నవ్వారు. ఎవరో "సిగ్గు, సిగ్గు!" అన్నారు. నాన్నగారు కాగితం చూశారు. మెడ ఎర్రబడింది. నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. సత్రం పెరట్లో చూసిన మొహం అది. ఆ తర్వాత చెయ్యి మీసం మీదకు వెళ్ళింది. గుండె గట్టిపరచుకుని, ఊపిరి బాగా పీల్చారు. ఇలా ఊపిరి పీల్చాక ఏ మాట వస్తుందో నాకు తెలుసు. ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. ప్రసంగం అక్కడికక్కడే ముగించి, కామన్స్ సభకు "డిస్మిస్" చెప్పిన మొదటి మనిషిగా ఆయన మిగిలిపోతారు.

"డిస్..."

"మొదటికీ!"

సభంతా తలెత్తి కప్పు వైపు చూసింది. నాన్నగారొక్కరే పైకి చూడలేదు. మడమలు కలిపారు. ఆ కాగితం ఎడమ జేబులో పెట్టారు. కుడి జేబులోంచి ఇంకోటి తీశారు.

"స్పీకర్ మహాశయా," అన్నారు ప్రశాంతంగా, ఇప్పుడే లేచినట్టు. "బూట్ల గురించి."

సభ నవ్వింది, కానీ వేరే నవ్వు. తర్వాత విన్నది. బూట్ల అడుగున అట్టముక్క పెట్టి కుట్టిన గుత్తేదారు సంగతి చెప్పినప్పుడు ఎదుటి బల్లల్లోంచి కూడా "వినండి, వినండి!" అన్నారు.

ద్వారపాలకుడు జాలీ వెనక్కి వచ్చాడు. "అమ్మగార్లూ, ఇక్కడి నుంచి ఎవరో మాట్లాడారా?"

"ఆడవాళ్ళం, ఇక్కడ మాట్లాడతామా నాయనా?" అంది ముసలి దొరసాని, అల్లిక ఆపకుండా. "గాలి గొట్టమేమో చూసుకో. ఇందాకటి నుంచీ ఏదో అంటోంది."

అతడు నా వైపు చూశాడు. నేను మఠంలో నేర్పినట్టు కళ్ళు దించుకున్నాను. అన్నేళ్ళ చదువు ఇవాళ అక్కరకొచ్చింది.

బండిలో ఇంటికి వస్తుంటే నాన్నగారు కిటికీలోంచి చూస్తూ అడిగారు.

"ఆ ఆజ్ఞ ఎవరిచ్చారు?"

"నాకెలా తెలుస్తుంది నాన్నగారూ."

"ఏమిటి గొణుగుతున్నావు?"

"నాకు తెలియదన్నాను."

వంతెన వచ్చింది. వంతెన దాటాం.

"ఎవరైనా సరే," అన్నారు. "వెనక వరుస దాకా వచ్చింది."

నేను తల దించుకున్నాను. ఆయన చేతి తొడుగు తీసి, చెయ్యి చాచి, రెండు వేళ్ళతో నా గడ్డం పైకెత్తారు.